రాగి మాల్టా, మామూలు పిండా, పులిసిన అంబలా: ఎవరికి ఏది?

ఒకే కిలో రాగుల్ని మూడు రకాలుగా వాడుకోవచ్చు. కడిగి ఆరబెట్టి నేరుగా పిండి ఆడించుకోవచ్చు. ఆ పిండినే రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున్నే అంబలి కాచుకోవచ్చు. లేదంటే గింజల్ని నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, దోరగా వేయించి మాల్ట్ పిండి చేసుకోవచ్చు. మూడోదానికి నాలుగైదు రోజుల పని. పైగా కిలో గింజలకు చివర్లో చేతికొచ్చే పిండి సుమారు 850 గ్రాములే.

ఈ శ్రమ అందరికీ ఒకేలా గిట్టుబాటు కాదు. ఆరు నెలలు దాటిన పసిబిడ్డకూ, పళ్లు ఊడిన పెద్దవారికీ, జ్వరపడి లేచి నాలుగు స్పూన్లకు మించి తినలేనివారికీ మాల్ట్ నిజంగా పనికొస్తుంది. జీర్ణశక్తి బాగున్న పెద్దవాళ్లకు అంబలి చాలు. షుగర్ ఉన్నవారికి మాత్రం మాల్ట్ జావ కంటే మామూలు పిండితో చేసిన రొట్టే మేలు. ఎందుకో తెలియాలంటే మొలకెత్తేటప్పుడు గింజలో జరిగేదేమిటో చూడాలి.

మొలక ఏం మారుస్తుంది, ఏం మార్చదు

ముందు మారనిది చెప్పుకుందాం. మొలకెత్తినంత మాత్రాన గింజలోకి కొత్తగా కాల్షియం గానీ, ఐరన్ గానీ వచ్చి చేరవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, ఐరన్ 4.6 మిల్లీగ్రాములు, ప్రొటీన్ 7.2 గ్రాములు. మాల్ట్ చేసినా ఈ అంకెలు ఇంచుమించు ఇవే. నానబెట్టిన నీళ్లలో కాస్త పోతుంది, రాల్చేసిన మొలక తోకలతో ఇంకాస్త పోతుంది. మాల్ట్ చేస్తే కాల్షియం రెట్టింపు అవుతుందని ప్యాకెట్ మీద రాసి ఉంటే నమ్మొద్దు.

మారేది ఆ ఖనిజాలు ఒంటికి పట్టే తీరు. గింజ తన భాస్వరాన్ని ఫైటేట్ల రూపంలో దాచుకుంటుంది. ఆ ఫైటేట్లు మన పేగులో ఐరన్‌నూ, జింక్‌నూ, కొంత కాల్షియంనూ పట్టుకుని వదలవు. మొలకెత్తేటప్పుడు గింజకు ఆ భాస్వరం అవసరమవుతుంది కాబట్టి ఫైటేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసుకుని ఫైటేట్లను విడగొడుతుంది. రకాన్ని బట్టి, మొలక కట్టిన గంటల్ని బట్టి పావు వంతు నుంచి సగం దాకా తగ్గుతాయి. ఎర్ర రాగుల పైపొరలోని టానిన్లు కూడా కొంత తగ్గుతాయి. ఇవీ ఐరన్‌కు అడ్డుపడేవే. అందువల్ల అదే 4.6 మిల్లీగ్రాముల ఐరన్‌లో ఒంటికి దక్కే వాటా పెరుగుతుంది.

రెండో మార్పు పిండిపదార్థంలో. మొలకలో పుట్టిన అమైలేజ్ ఎంజైమ్ పొడవాటి పిండి గొలుసుల్ని ముక్కలు చేసి చక్కెరలుగా మారుస్తుంది. మాల్ట్ పిండి నాలుక మీద వేసుకుంటే తియ్యగా తగలడానికి కారణం ఇదే. కాచినప్పుడు జావ చిక్కబడకుండా జారుగా ఉండటానికీ ఇదే కారణం. అందరూ పోషకాల పెరుగుదల గురించే మాట్లాడతారు గానీ, మాల్ట్ చేసే అసలు మేలు ఈ జారుదనంలో ఉంది. మామూలు రాగి పిండి ఒక గ్లాసు నీళ్లకు రెండు చెంచాలు వేస్తే చల్లారేసరికి గడ్డలా అవుతుంది. బిడ్డ మింగాలంటే నీళ్లు పొయ్యాలి, నీళ్లు పోస్తే గిన్నెలో నీళ్లే ఎక్కువ, బలం తక్కువ. మాల్ట్ పిండయితే అదే జారుదనానికి దాదాపు రెట్టింపు పిండి వేసుకోవచ్చు. చిన్న పొట్టలో పట్టే నాలుగు చెంచాల్లోనే ఎక్కువ ఆహారం వెళుతుంది.

ప్రొటీన్ మొత్తం పెరగదు గానీ సులువుగా అరుగుతుంది. రైబోఫ్లేవిన్ లాంటి కొన్ని బి విటమిన్లు కొంత పెరుగుతాయి. మొలకలో విటమిన్ సి పుడుతుంది, కానీ ఎండబెట్టి వేయించేసరికి చాలావరకు పోతుంది. ఎండు మాల్ట్ పిండిలో విటమిన్ సి ఉందనుకోవద్దు. ఆ లోటు నిమ్మకాయతో తీర్చుకోవాలి.

ఇక నష్టం మాట. పిండిపదార్థం ముందే సగం అరిగి ఉండటం వల్ల మాల్ట్ జావ రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. పసివాడికి వరమైన గుణమే షుగర్ ఉన్నవారికి ఇబ్బంది. "రాగులు షుగర్‌కి మంచివి కదా" అని పొద్దున్నే పెద్ద గ్లాసు మాల్ట్ తాగేవారు ఈ తేడా గమనించాలి. బెల్లం వేసుకుంటే మరీను.

ఏ గింజ మాల్ట్‌కి లొంగుతుంది

చిరుధాన్యాలన్నిటిలో మాల్ట్‌కు రాగులే మొదటివి. మొలకెత్తిన రాగుల్లో అమైలేజ్ బాగా పుడుతుంది, వేయించితే కమ్మటి వాసన వస్తుంది, తడిగా రెండు రోజులున్నా మిగతా గింజలంత త్వరగా బూజు పట్టవు. పొట్టు నూర్పిడిలోనే ఊడిపోతుంది కాబట్టి కొట్లో కొన్న రాగులు నేరుగా మొలకెత్తుతాయి.

సజ్జల్లో ఐరన్ 100 గ్రాములకు 6.4 మిల్లీగ్రాములు, ప్రొటీన్ దాదాపు 11 గ్రాములు. రెండూ రాగుల కంటే ఎక్కువ. కాల్షియం మాత్రం 27 మిల్లీగ్రాములే. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కృషితో వచ్చిన ధనశక్తి అనే సజ్జ రకంలో ఐరన్ ఇంకా ఎక్కువ. రక్తహీనత ఉన్న ఇంట్లో సజ్జ మాల్ట్ కలపడం తెలివైన పని. చిక్కల్లా నూనెతోనే. సజ్జల్లో కొవ్వు 5 శాతం పైన ఉంటుంది. పిండి ఆడించిన వారం పది రోజులకే, ఎండాకాలంలో ఇంకా ముందే, ముక్కిన వాసనా చేదూ వస్తాయి. మొలకెత్తించి ఎండబెట్టిన సజ్జల్ని గింజలుగానే డబ్బాలో పెట్టుకుని, వారానికి సరిపడా మిక్సీలో వేసుకోవాలి. నాననివ్వడం 8 గంటలు, మొలక 24 నుంచి 36 గంటలు చాలు.

జొన్నల దగ్గర జాగ్రత్త కావాలి. గుంటూరు, తెనాలి, బాపట్ల వైపు వరి కోసిన మాగాణుల్లోనే జొన్న వేస్తారు కాబట్టి కొత్త గింజ దొరకడం కష్టం కాదు, మొలక కూడా బాగానే వస్తుంది. కానీ జొన్న మొలకలో ధురిన్ అనే పదార్థం పుడుతుంది. అది విడిపోతే సైనైడ్ వస్తుంది. లేత జొన్న మేసిన పశువులు పడిపోవడానికి కారణం ఇదే. జొన్న మొలకల్ని పెసర మొలకల్లా పచ్చిగా తినకూడదు, జ్యూస్‌లో వేయకూడదు. మాల్ట్ చేస్తే మొలకనూ వేర్లనూ పూర్తిగా రాల్చి, బాగా ఎండబెట్టి, వేయించి, మూత లేకుండా ఉడికించి వాడాలి. పసిపిల్లల కోసమైతే జొన్న మాల్ట్ జోలికి పోకుండా రాగులతో సరిపెట్టుకోవడమే మంచిది. జొన్నలు రొట్టెకు ఎంత గొప్పవో అందరికీ తెలిసిందే, వాటినక్కడే ఉంచుదాం.

కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, వరిగలు, అండుకొర్రలు: వీటిని ఇంట్లో మాల్ట్ చేయాలని చూడొద్దు. మనం కొట్లో కొనేవి పైపొట్టు తీసిన బియ్యం. పొట్టు తీసేటప్పుడు మొలక కన్ను దెబ్బతింటుంది. అన్‌పాలిష్డ్ అని రాసినవీ పొట్టు తీసినవే, తవుడు మాత్రం మిగిలి ఉంటుంది. నానబెట్టి మూట కడితే పదింటిలో రెండో మూడో మొలకెత్తుతాయి, మిగతావి జిగురొచ్చి పులుస్తాయి. వీటిని 6 నుంచి 8 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకుంటే చాలు. అన్నం మెత్తగా ఉడుకుతుంది, ఫైటేట్లు కొద్దిగా తగ్గుతాయి.

బెజవాడ వాతావరణంలో రాగి మాల్ట్

కార్తీకం నుంచి మాఘం దాకా మాల్ట్‌కు మంచి కాలం. గది వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది, ఎండా బాగుంటుంది. రోహిణి కార్తెలో 42 డిగ్రీలు దాటితే మూటలో గింజలు ఉడికినట్టయి పుల్లటి వాసన కొడతాయి. శ్రావణ భాద్రపదాల్లో గాలిలో తేమ వల్ల ఎండక బూజు పడతాయి. ఏడాదికి సరిపడా గింజల్ని చలికాలంలో మాల్ట్ చేసి, పొడిగా దాచి, నెలకోసారి పిండి ఆడించుకోవడం తేలిక.

గింజలు ఏడాది లోపు పంటవై ఉండాలి. 100 గింజల్ని తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు చూడండి. 90కి తగ్గితే ఆ రాగుల్ని పిండికి వాడుకోవాలి, మాల్ట్‌కు వద్దు. మొలకెత్తని గింజలే మూటలో కుళ్లి మిగతావాటిని చెడగొడతాయి. విత్తనాల కొట్టు నుంచి తెచ్చిన గింజలు ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. వాటికి మందు పట్టించి, గుర్తుగా రంగు వేస్తారు. కడిగితే రంగు పోవచ్చు గానీ మందు పోదు.

కిలో రాగుల్ని నాలుగైదు నీళ్లలో కడిగి, తేలిన తాలునూ పొట్టునూ పారబోసి, గాలించి మట్టి గడ్డలు తీయాలి. గాలించడం అశ్రద్ధ చేస్తే జావలో ఇసుక తగులుతుంది. రెండున్నర లీటర్ల నీళ్లలో 12 గంటలు నానబెట్టాలి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. ఎండాకాలంలో తప్పదనుకుంటే 8 గంటలే, నీళ్లు నాలుగు గంటలకోసారి మార్చాలి. తర్వాత చిల్లుల గిన్నెలో అరగంట వార్చాలి. అడుగున నీళ్లు నిలిచి ఉంటే ఆ గింజలకు గాలాడదు, మొలక రాదు, పులుపు వస్తుంది.

ఉడికించి ఆరబెట్టిన నూలు గుడ్డలో గింజల్ని మూడు సెంటీమీటర్ల మందానికి మించకుండా పరిచి కప్పాలి. కిలోకు పెద్ద మూట ఒకటి కట్టడం కంటే రెండు పళ్లేల్లో పరచడం నయం. మొలకెత్తే గింజ శ్వాసిస్తుంది, వేడి పుడుతుంది. మూట నడిమధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే విడదీసి కలియబెట్టాలి. రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించి పైకీ కిందకీ తిప్పాలి. 48 గంటలకు తెల్లటి తోక సెంటీమీటరు దాటి ఉంటుంది. అక్కడ ఆపాలి. 24 గంటలకే ఆపితే అమైలేజ్ సరిగా తయారుకాదు, జావ చిక్కబడుతుంది. మూడు రోజులు దాటనిస్తే వేర్లు అల్లుకుపోతాయి, గింజ తన పిండిని తనే తినేసి బరువు బాగా తగ్గుతుంది. మొలక వాసన పచ్చి దోసకాయలా ఉండాలి. పుల్లగా, జిగటగా ఉన్నా, నల్లటి లేక పచ్చటి బూజు ఒక్క చుక్క కనిపించినా మొత్తం పారేయాలి. బూజు తీసేసి మిగతాది వాడుకోవడం సరికాదు, విషం కంటికి కనిపించినంత మేరకే ఉండదు.

డాబా మీద శుభ్రమైన గుడ్డ పరిచి పలచగా ఎండబెట్టాలి, పైన సన్నటి వల గుడ్డ కప్పాలి. రెండు ఎండలు చాలు. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకురావాలి. పంటి కింద వేస్తే పటుక్కున విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టే. ఎండిన గింజల్ని గరుకు గుడ్డలో వేసి అరచేతులతో నలిపితే తోకలు రాలతాయి. చేటతో చెరిగి పారబోయాలి. తోకలు ఉంటే పిండి చేదుగా ఉంటుంది.

వేయించే దగ్గర చాలామంది పొరబడతారు. కమ్మటి వాసన కోసం ఎర్రగా వేయిస్తే అమైలేజ్ చచ్చిపోతుంది. 75, 80 డిగ్రీలు దాటిన వేడికి అది తట్టుకోలేదు. ఆ పిండితో కాచిన జావ మళ్లీ చిక్కబడుతుంది, రెండు రోజుల మొలక శ్రమంతా సగం వృథా. పిల్లల కోసమైతే సన్నసెగ మీద మందపాటి మూకుడులో గింజ చేతికి వేడిగా తగిలేదాకా, లేత వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి, రంగు మారకూడదు. పెద్దవాళ్లకు రుచే ముఖ్యమనుకుంటే ఇంకాస్త వేయించుకోవచ్చు. రెండు డబ్బాలుగా చేసుకోవడం మేలైన దారి.

పిండి మరలో ముందు గోధుమలో మినుములో ఆడించి ఉంటారు. గోధుమ పడనివారు ఇంట్లోనే మిక్సీలో వేసుకోవాలి. ఏడాది లోపు బిడ్డకైతే సన్నటి గుడ్డలో జల్లించాలి. మిగతావారికి జల్లించొద్దు, రాగుల్లో కాల్షియం ఎక్కువగా ఉండేది పైపొరలోనే.

కాచే తీరు

మాల్ట్ పిండిని మరుగుతున్న నీళ్లలో వేయకూడదు. వేసిన క్షణంలో ఎంజైమ్ చస్తుంది, ఉండలు కడుతుంది. రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 20 గ్రాముల పిండిని గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి, సన్నసెగ మీద పెట్టి కలుపుతూ ఉండాలి. ముందు చిక్కబడినట్టే అయి, తర్వాత జారుగా మారుతుంది. ఎంజైమ్ బాగా పనిచేసేది 60, 70 డిగ్రీల మధ్య, అంటే గిన్నె నుంచి ఆవిరి రావడం మొదలై ఇంకా పొంగని దశ. అక్కడ ఏడెనిమిది నిమిషాలు గడవనివ్వాలి. ఆ తర్వాత మంట పెంచి ఐదు నిమిషాలు బాగా మరిగించాలి. రెండు రోజులు తడిగా ఉన్న గింజలో సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి కాబట్టి మరిగించకుండా చల్లటి పాలలో కలుపుకుని తాగకూడదు.

మాల్ట్ కొద్దిగానే ఉంటే ఇంకో ఉపాయం ఉంది. మామూలు రాగి పిండితోనో బియ్యప్పిండితోనో చిక్కగా ఉడికించి, దించి, కాస్త చల్లారాక (నాలుక కాలేంత వేడి ఉండాలి) ఒక చిన్న చెంచాడు మాల్ట్ పిండి కలపండి. పది నిమిషాల్లో ముద్ద జారిపోతుంది. మళ్లీ ఒకసారి మరిగించి బిడ్డకు పెట్టండి. 1980ల్లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో పసిపిల్లల ఆహారంపై జరిగిన పరిశోధన ఈ పద్ధతినే ప్రచారంలోకి తెచ్చింది. మొత్తం పిండిలో ఇరవయ్యో వంతు మాల్ట్ ఉంటే చాలు.

ఇప్పుడు ఎంపిక

పసిబిడ్డకు మాల్టే. ఏడాది లోపు ఉప్పు, చక్కెర, బెల్లం, తేనె ఏవీ వేయొద్దు, అర చెంచా నెయ్యి వేయొచ్చు. రాగుల ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ కాబట్టి మూడు వంతుల రాగి మాల్ట్‌కు ఒక వంతు మొలకెత్తించి ఎండబెట్టి వేయించిన పెసలు కలిపి ఆడిస్తే ప్రొటీన్ నాణ్యత పెరుగుతుంది. బిడ్డకు మొదట ఒక్కో ధాన్యం విడిగా అలవాటు చేసి, పడిందని తేలాకే కలపాలి. పన్నెండు రకాలు కలిపిన పిండితో మొదలుపెడితే ఏది పడలేదో తెలుసుకోవడం కుదరదు.

గర్భిణులకూ, రక్తం తక్కువ ఉన్నవారికీ రాగి, సజ్జ మాల్ట్ సగం సగం బాగుంటుంది, నిమ్మరసం పిండుకుని తాగాలి. టీ, కాఫీలకు గంట ఎడం ఉండాలి. అయితే లెక్క కూడా చూసుకోవాలి. 20 గ్రాముల రాగి పిండిలో ఐరన్ ఒక మిల్లీగ్రాము లోపే, కాల్షియం 73 మిల్లీగ్రాములు. మహిళకు రోజుకు సూచించిన ఐరన్ 29 మిల్లీగ్రాములు, కాల్షియం 1000. గ్లాసు ఆవు పాలలోనే కాల్షియం 230 పైన ఉంటుంది. గ్లాసు జావ తాగుతున్నామని డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు ఆపకూడదు.

షుగర్ ఉన్నవారు మామూలు పిండితో రొట్టె, సంకటి, లేదా కొర్ర అన్నం ఎంచుకోవాలి, పక్కన పప్పూ కూరా ఉండాలి. జావ తాగాలనే ఉంటే పులిసిన అంబలిలో మజ్జిగా ఉల్లిపాయా కలుపుకుని చిన్న గ్లాసు. సంకటికీ రొట్టెకూ మాల్ట్ పిండి ఎలాగూ పనికిరాదు, ముద్ద కట్టదు, పెనానికి అతుక్కుంటుంది.

మిగతా ఇంటిల్లిపాదికీ అంబలే సరైనది. రాగి పిండిని నాలుగింతల నీళ్లలో కలిపి, నిన్నటి అంబలి ఒక చెంచా తోడు వేసి, ఎండాకాలం 6 గంటలు, చలికాలం 12 గంటలు ఉంచితే పులుస్తుంది, అప్పుడు కాచుకోవాలి. ఆ పులుపు ఫైటేజ్‌కు అనువుగా ఉండి ఫైటేట్లను తగ్గిస్తుంది. మొలక కట్టే పని లేకుండానే ఖనిజాల విషయంలో మాల్ట్ ఇచ్చే మేలు చాలావరకు దక్కుతుంది.

కొనేటప్పుడు

చేసుకునే తీరిక లేకపోతే కొనడంలో తప్పేం లేదు. పటమట రైతు బజారు దగ్గరైనా, గుంటూరు పట్నం బజారులోనైనా, సూపర్‌మార్కెట్‌లోనైనా వెనక చీటీ చదవండి. పదార్థాల్లో మొదటి పేరు మొలకెత్తిన రాగులు అయ్యుండాలి. మొదటి మూడింట్లో చక్కెరో బెల్లం పొడో, పిండిపదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రినో ఉంటే అది తీపి పానీయం కిందే లెక్క. బార్లీ మాల్ట్, గోధుమ కలిసిన పొడి, వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడనివారికి ప్రమాదం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, తయారీ తేదీ ఉండాలి. మూడు నెలలు దాటినది వద్దు, సజ్జలు కలిసి ఉంటే ఇంకా కొత్తది కావాలి. మొలకెత్తించడంలో బరువూ పోతుంది, కూలీ కూడా పడుతుంది. మాల్ట్ పిండి మామూలు రాగి పిండి ధరకే ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. పొద్దున్నే నడకకు వెళ్లేవారి కోసం బండ్ల మీద మాల్ట్ పేరుతో పోసే జావ మామూలు పిండితో కాచినది కావచ్చు, అడిగి తెలుసుకోవాలి.

ఇంటికొచ్చాక చిన్న పరీక్ష చేయొచ్చు. కొన్న పిండి, మామూలు రాగి పిండి ఒక్కో పెద్ద చెంచాడు తీసుకుని, ముప్పావు గ్లాసు చల్లటి నీళ్లలో విడివిడిగా కలిపి, పైన చెప్పినట్టు సన్నసెగ మీద కాచి, పూర్తిగా చల్లారనివ్వండి. మొలకెత్తించి తక్కువ వేడితో ఆరబెట్టిన పిండయితే గరిటె నుంచి ధారగా జారుతుంది. రెండూ ఒకేలా గడ్డకడితే ఆ పిండిని మొలకెత్తించనైనా లేదు, లేదా ఎంజైమ్ చచ్చేదాకా వేయించారు. కారణం ఏదైనా సరే, బిడ్డ కోసం మాల్ట్‌గా అది పనికిరాదు, రొట్టెల్లో కలిపి వాడేసుకోండి.